పడవలో ఒక్కరే ఉంటే తాళ్లు ఎక్కడుండాలి?

వానాకాలంలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిలబడితే లేజర్ పడవలు బారులు తీరి పరుగెత్తడం చూడొచ్చు. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీల్లో ఎక్కువగా కనిపించేవి అవే. పడవ పొడవు 4.2 మీటర్లు. తెరచాప ఒకటే, మనిషీ ఒక్కరే. ఆ మనిషి ఒక చేత్తో చుక్కాని పిడిని, ఇంకో చేత్తో తెరచాప తాడును పట్టుకుని కూర్చుంటే రేసు అయిపోయేదాకా ఆ చోటు వదలాల్సిన పని పెద్దగా ఉండదు. అన్నీ చేతికందే దూరంలోనే ఉంటాయి. ఒంటరిగా నడపడంలోని ఇబ్బందులన్నిటినీ ఆ పడవ గీసిన బ్రూస్ కర్బీ కాగితం మీదే తీర్చేశాడు.

పడవ కాస్త పెద్దదై, దానికి రెండో తెరచాప, చిన్న క్యాబిన్ వచ్చి చేరినప్పుడు చిక్కు మొదలవుతుంది. ఉదాహరణకు కాటలీనా 22నే తీసుకుందాం. అమెరికాలో ఫ్రాంక్ బట్లర్ 1969లో రూపొందించిన పడవ ఇది. ఇప్పటిదాకా పదిహేను వేలకు పైగా తయారయ్యాయి. ట్రైలర్ మీద లాక్కెళ్లి ఏ సరస్సులోనైనా దించుకోవచ్చు. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉంటూ వారాంతాల్లో సరస్సు మీదికి వెళ్లాలనుకునే తెలుగువాళ్లకు మొదట ఎదురయ్యే పడవల్లో ఇదొకటి.

దీనికి రెండు తెరచాపలు. మాస్ట్ అనే నిలువు స్తంభానికి వెనక, బూమ్ అనే అడ్డ కొయ్యకు కట్టి ఉండేది పెద్ద తెరచాప. మాస్ట్‌కు ముందు, పడవ ముక్కు దాకా సాగేది జిబ్. తెరచాపను పైకి ఎక్కించే తాడు హాల్‌యార్డ్. గాలికి తగ్గట్టు లోపలికి లాగే తాడు షీట్. పాత కాటలీనాల్లో షీట్లు కాక్‌పిట్‌లో, అంటే కూర్చుని నడిపే చోట, ఉంటే హాల్‌యార్డులు మాస్ట్ మొదట్లో కట్టి ఉండేవి. ఒకరు టిల్లర్ (చుక్కాని పిడి) పట్టుకుంటారు, ఇంకొకరు ముందుకు వెళ్లి తాళ్లు లాగుతారు అన్న లెక్కతో చేసిన అమరిక అది. ఆ ఇంకొకరు లేకపోతే టిల్లర్ నుంచి ముక్కు దాకా ఉన్న పదిహేను అడుగులూ చాలా పెద్ద దూరమైపోతాయి.

దీనికి అందరూ చెప్పే విరుగుడు ఒకటుంది. తాళ్లన్నీ కాక్‌పిట్‌కు తెచ్చేసుకో అంటారు. అందులో నిజం ఉంది కానీ, సగమే. కప్పీలు, తాడును బిగించి పట్టే క్లచ్‌లు కొని డెక్‌కు రంధ్రాలు చేయించే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది, మనం పనిలో ఉన్నంతసేపు పడవ తనను తాను చూసుకుంటుందా? రెండోది, మొదలుపెట్టిన పని ఒకే చోట నిలబడి పూర్తి చేయగలమా? ఈ రెంటికీ అవునని చెప్పగలిగితే తాడు మాస్ట్ దగ్గరున్నా ఫరవాలేదు. చెప్పలేకపోతే అన్ని తాళ్లూ ఒళ్లో ఉన్నా టెన్షన్ తప్పదు.

టిల్లర్ వదిలేస్తే

గాలి వచ్చే దిక్కుకు దగ్గరగా వెళుతున్న కాటలీనా 22 టిల్లర్‌ను వదిలేసి చూడండి. కొద్ది సెకన్లలోనే ముక్కు గాలి వచ్చే వైపు తిరుగుతుంది, తెరచాపలు టపటపా కొట్టుకుంటాయి, బూమ్ అటూ ఇటూ ఊగుతుంది. మీరు ఆ సమయంలో మాస్ట్ దగ్గర రెండు చేతులతో తాడు లాగుతూ ఉంటే బూమ్ ఎటు వస్తుందో చూసుకునే తీరిక కూడా ఉండదు.

అన్ని పడవలూ ఇలా చేయవు. 1895లో బోస్టన్ నుంచి బయల్దేరి 1898లో ఒంటరిగా భూమి చుట్టి వచ్చిన మొదటి మనిషి జాషువా స్లోకమ్. ఆయన పడవ స్ప్రే 36 అడుగుల 9 అంగుళాలు. థర్స్‌డే ద్వీపం నుంచి కోకోస్ దీవుల దాకా 2,700 మైళ్లు, 23 రోజుల ప్రయాణంలో ఆయన చుక్కాని పట్టుకున్నది మొత్తం కలిపి మూడు గంటల లోపే. మిగతా కాలమంతా చుక్కాని కట్టేసే ఉంది. అడుగున నీళ్లలోకి దిగి ఉండే కీల్ పొడవుగా, ఒళ్లు వెడల్పుగా ఉన్న పడవ కాబట్టి అది చెల్లింది. దాంతో పాటు స్లోకమ్ దారిలోనే పడవను ఒంటరి మనిషికి తగ్గట్టు మార్చుకున్నాడు. బ్యూనస్ ఎయిర్స్‌లో మాస్ట్‌ను ఏడు అడుగులు కోసి పొట్టి చేశాడు. మెజెలాన్ జలసంధిలో ఉండగా వెనక ఇంకో చిన్న తెరచాప పెట్టాడు. పెద్ద తెరచాపను చిన్నది చేసి, బలాన్ని ముందుకీ వెనక్కీ పంచడమంటే ఇదే. ముంబైలో టేకు చెక్కతో కట్టిన సుహైలిలో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968-69లో ఎక్కడా ఆగకుండా 312 రోజుల్లో భూమిని చుట్టినప్పుడు కూడా, సగం దారిలో స్వయంచాలక చుక్కాని యంత్రం విరిగిపోతే తెరచాపల సర్దుబాటుతోనే పడవను దారిలో పెట్టుకున్నాడు.

కాటలీనా 22 కీల్ అంత పొడవుగా ఉండదు, కాబట్టి దాని నుంచి అంత ఓపిక ఆశించకూడదు. కానీ సర్దుబాటు సూత్రం మాత్రం అదే. వెనక తెరచాప మరీ ఎక్కువైతే పడవ గాలివైపు తిరగాలని చూస్తుంది, టిల్లర్ బరువెక్కుతుంది. పెద్ద తెరచాపను కాస్త వదిలితేనో, కుదిస్తేనో ఆ బరువు తగ్గుతుంది. వేళ్లతో పట్టుకుంటే చాలన్నంత తేలిగ్గా టిల్లర్ ఉన్నప్పుడే దాన్ని కట్టేసి వదలొచ్చు. ముందు పడవను సమతూకంలో పెట్టుకోవాలి, ఆ తర్వాతే పరికరం.

పరికరాల్లో అన్నిటికన్నా చవకైనది కాక్‌పిట్ రెండు పక్కల గోడల మధ్య అడ్డంగా కట్టి టిల్లర్‌కు రెండు చుట్లు చుట్టిన తాడు, దానికి తోడు ఒక రబ్బరు తాడు. ఒక నిమిషం, రెండు నిమిషాల పనికి ఇది చాలు. టిల్లర్‌ను ఏ కోణంలోనైనా బిగించి ఉంచే క్లచ్‌లు కూడా దొరుకుతాయి. ఆపైన టిల్లర్ పైలట్. కంపాస్ చూసుకుంటూ టిల్లర్‌ను తోసి లాగే చిన్న మోటారు ఇది. ఒంటరిగా వెళ్లేవారికి నిజంగా మూడో చేయే, కానీ బ్యాటరీ తింటుంది. పైగా అది గాలిని చూడదు, దిక్కునే చూస్తుంది. గాలి మళ్లితే తెరచాప వెనక్కి తిరగబడుతున్నా అదే దిక్కున పట్టుకుపోతుంది.

కరెంటు అక్కర్లేని ఒక పాత ఉపాయం నాకు చాలా ఇష్టం. పెద్ద తెరచాప షీట్ నుంచి చిన్న తాడు ఒకటి తీసి, కప్పీ గుండా తిప్పి, టిల్లర్‌ను గాలి వచ్చే వైపు లాగేలా కట్టాలి. రెండో వైపు నుంచి రబ్బరు గొట్టం దాన్ని వెనక్కి లాగుతుంటుంది. గాలి విసురు వస్తే పడవ గాలివైపు తిరగబోతుంది. సరిగ్గా అప్పుడే షీట్ మీద బిగువు పెరిగి, టిల్లర్‌ను గాలి వైపు లాగి, ముక్కును మళ్లీ దారికి తెస్తుంది. విసురు తగ్గగానే రబ్బరు దాన్ని యథాస్థానానికి తెస్తుంది. ఏ రబ్బరు, ఎంత బిగువు అన్నది ఒక సాయంత్రమంతా కూర్చుని సరిచూసుకోవాలి. తూకం కుదిరాక పడవ తనంతట తాను దారి పట్టుకోవడం చూస్తుంటే కలిగే ఆనందం మాటల్లో చెప్పలేను.

పడవను ఆపడం

వీటన్నిటికన్నా ముందు నేర్చుకోవలసింది, పైసా ఖర్చు లేనిది ఇంకొకటి ఉంది. నీళ్ల మధ్యలో పడవను దాదాపు నిలబెట్టేయడం. దీన్ని హీవింగ్ టు అంటారు.

గాలికి దగ్గరగా వెళుతూ, జిబ్ షీట్‌ను అసలు ముట్టుకోకుండా పడవను గాలి మీదుగా రెండో వైపుకు తిప్పాలి. జిబ్ పాత వైపే బిగిసి ఉండిపోతుంది కాబట్టి గాలి దానికి తప్పు వైపు నుంచి తగిలి ముక్కును అవతలికి నెడుతుంది. ఇప్పుడు పెద్ద తెరచాప షీట్‌ను కొంత వదిలి, వేగం చచ్చిన తర్వాత టిల్లర్‌ను గాలి పోయే వైపుకు తోసి కట్టేయాలి. చుక్కాని ముక్కును గాలివైపు తిప్పాలని చూస్తుంది, జిబ్ దాన్ని వద్దంటుంది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండిపోతే పడవ మెల్లగా పక్కకు జారుతూ నిలిచిపోతుంది. ఊపు తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది. మొదటిసారి చూసినవారికి గాలే తగ్గిందా అనిపిస్తుంది.

ఇదంతా కాక్‌పిట్ వదలకుండానే జరిగిందని గమనించండి. ఒంటరి మనిషికి కావలసిన విరామం ఇక్కడ దొరుకుతుంది. తెరచాప కుదించాలన్నా, మ్యాప్ చూసుకోవాలన్నా, ఏదైనా తినాలన్నా ముందు పడవను ఆపి ఆ పని చేసుకోవచ్చు. గాలి కుడి వైపు నుంచి వచ్చేలా ఆగడం మంచిది. ఎడమ వైపు గాలితో వచ్చే తెరచాప పడవలు అప్పుడు మనకు దారివ్వాలన్నది అంతర్జాతీయ నియమం. అయితే పడవ జారుతూనే ఉంటుంది కాబట్టి గాలి పోయే వైపు ఖాళీ నీళ్లు ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. టిల్లర్ ఎక్కడ కడితే, షీట్ ఎంత వదిలితే నిలుస్తుందన్నది ఒక్కో పడవకు ఒక్కోలా ఉంటుంది. కాటలీనాలో అయితే కీల్ పూర్తిగా దించి ఉండాలి.

ముందు తెరచాప

ఒంటరిగా వెళ్లినప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడే చోటు పడవ ముక్కు. ఇరుకు, ఎత్తెత్తి పడేస్తుంది, పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. టిల్లర్‌కు అంతకన్నా దూరమైన చోటు పడవలో లేదు. పాత పద్ధతిలో జిబ్‌ను దించాలంటే అక్కడికే వెళ్లాలి.

వెళ్లకుండా ఉండటానికి రెండు దారులు. ఒకటి డౌన్‌హాల్. సన్నటి తాడును జిబ్ పై కొసకు కట్టి, తెరచాప కొక్కేల గుండా కిందికి తెచ్చి, ముక్కు దగ్గర చిన్న కప్పీలోంచి తిప్పి కాక్‌పిట్‌కు తీసుకురావాలి. హాల్‌యార్డ్ వదిలి ఈ తాడు లాగితే జిబ్ జర్రున డెక్ మీదికి దిగిపోతుంది. షీట్ బిగించి ఉంచితే నీళ్లలో పడకుండా అక్కడే ఉంటుంది. అయ్యే ఖర్చు ఒక తాడు, ఒకటి రెండు కప్పీలు. జిబ్ హాల్‌యార్డ్ కూడా కాక్‌పిట్‌కు వచ్చి ఉండాలి, అంతే.

రెండోది ఫర్లర్. జిబ్‌ను తన ముందంచు చుట్టూ చుట్టేసే డ్రమ్ ఇది. ఒక్క తాడు లాగితే తెరచాప మాయం. ఖరీదెక్కువైనా సౌకర్యం కాదనలేం. కానీ దాన్ని నమ్ముకునేవారు ఒకటి రెండు సంగతులు తెలుసుకోవాలి. తెరచాప విప్పేటప్పుడు డ్రమ్ తాడును చేతిలో కాస్త బిగువుగా పట్టి వదలాలి. వదులుగా పోనిస్తే డ్రమ్‌లో చుట్లు ఒకదాని కిందికొకటి దూరి, తిరిగి చుట్టాల్సిన సమయంలో బిగుసుకుపోతుంది. అప్పుడు తప్పించుకోవాలనుకున్న ముక్కు దగ్గరికే, అదీ గాలి ముదిరాక, వెళ్లాల్సి వస్తుంది. రెండో సంగతి, పెద్ద గాలిలో తెరచాప బిగుతుగా చుట్టుకుంటుంది కాబట్టి మామూలు కంటే ఎక్కువ చుట్లు పడతాయి. ఒడ్డున నెమ్మది గాలిలో చుట్టి చూసి తాడు సరిపోయిందనుకుంటే, తుఫాను గాలిలో తెరచాప చివరి ముక్క బయటే మిగిలిపోతుంది. డ్రమ్‌లో నాలుగైదు చుట్లు అదనంగా ఉంచుకోవాలి.

కొత్తవారికి నేను చెప్పేది డౌన్‌హాల్‌తో మొదలుపెట్టమనే. దాంతో పాటు జిబ్ కూడా చిన్నదే వాడాలి. మాస్ట్ దాటి వెనక్కి వచ్చే పెద్ద జెనోవాను ఒంటరిగా మలుపు తిప్పడం కష్టం. చిన్న జిబ్ అయితే మాస్ట్ ముందు నుంచే అటునుంచి ఇటు వచ్చేస్తుంది, షీట్ చేత్తో లాగితే చాలావరకు సరిపోతుంది.

పెద్ద తెరచాప: సగం అక్కడ, సగం ఇక్కడ వద్దు

గాలి పెరిగినప్పుడు పెద్ద తెరచాపను కొంత దించి, కింది భాగాన్ని బూమ్‌కు లాగి కట్టడాన్ని రీఫింగ్ అంటారు. ఒంటరి పడవ అమరిక బాగుందో లేదో తేలేది ఇక్కడే.

ఇందులో మూడు చోట్ల పని ఉంటుంది. హాల్‌యార్డ్ దించాలి. తెరచాప ముందు మూలను మాస్ట్ దగ్గర కిందికి పట్టాలి. వెనక మూలను బూమ్ చివరికి లాగాలి. చాలామంది హాల్‌యార్డ్ ఒక్కటి కాక్‌పిట్‌కు తెచ్చుకుని, ముందు మూలను మాత్రం మాస్ట్ దగ్గరి కొక్కేనికే తగిలిస్తుంటారు. అంటే కాక్‌పిట్‌లో తాడు వదిలి, మాస్ట్ దగ్గరికి వెళ్లి మూల తగిలించబోతే అది ఇంకో ఆరంగుళాలు దిగాలి. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి. ఇంతకన్నా చెడ్డ అమరిక లేదు. అన్నీ మాస్ట్ దగ్గరుంటే పడవను ఆపి, నడుముకు పట్టీ తగిలించుకుని, అక్కడే నిలబడి ముగించుకోవచ్చు. అనుభవమున్న నావికుల్లో ఇలా ఇష్టపడేవారు చాలామందే ఉన్నారు, ఎందుకంటే తాడు వంపులు లేకుండా నేరుగా వస్తుంది. లేదా అన్నీ కాక్‌పిట్‌లో ఉండాలి.

ఈ రెండో దారిని చివరిదాకా తీసుకెళ్లినవాడు బ్లాండీ హాస్లర్. 1960లో అట్లాంటిక్ మీద జరిగిన మొదటి ఒంటరి రేసులో ఆయన పడవ జెస్టర్ 25 అడుగులే. చైనా పడవల తరహా తెరచాప పెట్టి, తాళ్లన్నిటినీ పడవ మధ్యలోని ఒక గుండ్రటి మూత దగ్గరికి తెచ్చాడు. డెక్ మీదికి రాకుండా ఆ మూతలోంచే తెరచాప పెంచడం, తగ్గించడం జరిగిపోయేది. నలభై అడుగుల పడవలో ఫ్రాన్సిస్ చిచెస్టర్ 40 రోజుల్లో గెలిస్తే, హాస్లర్ 48 రోజుల్లో రెండోవాడిగా చేరాడు. అంత చిన్న పడవకు అది గొప్ప సంగతి.

కాటలీనాలో కాక్‌పిట్ దారి ఎంచుకుంటే నేను రెండు తాళ్ల పద్ధతే వాడమంటాను. ముందు మూలకు ఒకటి, వెనక మూలకు ఒకటి. రెండు మూలలనూ ఒకే తాడుతో లాగే పద్ధతి చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ, అన్ని కప్పీల గుండా వచ్చేసరికి రాపిడికి సగం బలం పోతుంది. చివరికి తాడు మాత్రం కాక్‌పిట్ నిండా కుప్ప పడుతుంది. ఇంకో మాట. ఈ పడవల్లో చాలావాటికి క్యాబిన్ పైకప్పు పైకి లేస్తుంది కాబట్టి తాళ్లను దాని మీదుగా తేలేం. మాస్ట్ అడుగున కప్పీలు పెట్టి, కప్పుకు పక్కల నుంచి వెనక్కి నడిపించాలి.

పని వరస ఇది. పడవను ఆపండి. బూమ్‌ను పైనుంచి మోసే టాపింగ్ లిఫ్ట్ తాడును బిగించండి, లేకపోతే బూమ్ నెత్తిన పడుతుంది. హాల్‌యార్డ్‌ను ముందే దారంతో కుట్టి పెట్టుకున్న గుర్తు క్లచ్ దగ్గరికి వచ్చేదాకా వదలండి. ముందు మూల తాడు లాగి బిగించండి. హాల్‌యార్డ్‌ను మళ్లీ గట్టిగా ఎక్కించండి. అప్పుడు వెనక మూల తాడు. చివరగా టాపింగ్ లిఫ్ట్ వదిలేయండి. ఆ దారపు గుర్తు చిన్న విషయమే కానీ, చీకట్లో వేలికి తగిలితే చాలు, తల ఎత్తి చూడక్కర్లేదు.

హాల్‌యార్డ్ కాక్‌పిట్‌కు తెచ్చాక ఎక్కించడం కాస్త బరువవుతుంది, దాన్ని ఓర్చుకోవచ్చు. దిగకపోవడమే ప్రమాదం. తాడు వదలగానే తెరచాప తన బరువుతో తాను జారాలి. నాసిరకం కప్పీలుంటే సగంలో ఆగిపోతుంది. మాస్ట్ గాడిలో జారే స్లగ్గులకు పొడి సిలికాన్ కొట్టి, గాడి నోటి దగ్గర అవి ఊడి బయటికి రాకుండా చిన్న బిరడా పెట్టుకోవాలి. దిగిన బట్ట డెక్ నిండా పరుచుకోకుండా బూమ్‌కు రెండు వైపులా లేజీజాక్ తాళ్లు పట్టుకుంటాయి. తెరచాప ఎక్కించేటప్పుడు మాత్రం బట్ట బిగువుగా నిలవడానికి అందులో దూర్చిన పుల్లల కొసలు వాటిలో చిక్కుకుంటాయి కాబట్టి, ముందు వాటిని మాస్ట్ దగ్గరికి లాగి కట్టేసే వీలుండాలి.

ఎప్పుడు కుదించాలో తెలియకపోతే రేవులోనే కుదించి బయల్దేరండి. గాలి తక్కువైతే నీళ్ల మీద విప్పుకోవడం తేలిక. పెరిగాక కట్టుకోవడమే కష్టం.

కాక్‌పిట్‌లో ఇంకో చిన్న సర్దుబాటుంది. పడవ వాలినప్పుడు జిబ్ షీట్ దిగువ వైపు ఉంటుంది. ఒంటరి మనిషి అక్కడికి దిగితే పడవ ఇంకా వాలుతుంది. దిగువ షీట్‌ను కాక్‌పిట్‌కు అడ్డంగా ఎగువ వైపు వించ్‌కు (తాడు చుట్టి బిగించే డ్రమ్‌కు) తెచ్చి బిగిస్తే కూర్చున్న చోటి నుంచే వదలొచ్చు, లాగొచ్చు. తాళ్లు పెరిగేకొద్దీ ఒక్కోదానికి ఒక్కో రంగు పెట్టుకోవాలి, కొసలు వేసుకోవడానికి చిన్న సంచులు కట్టుకోవాలి. పక్క నుంచి జారి నీళ్లలో తేలే కొస మోటారు పంకాకు చుట్టుకుంటే రేవు ముందరే ఇంజిన్ ఆగిపోతుంది.

పడిపోకుండా

ఎరిక్ టాబర్లీ 1964లోనూ 1976లోనూ అట్లాంటిక్ ఒంటరి రేసు గెలిచిన మహా నావికుడు. 1998 జూన్‌లో ఒక రాత్రి, వేల్స్ తీరానికి దూరంగా, తన పాత పడవ పెన్ డ్యూక్‌లో తెరచాప మారుస్తుండగా పై కొయ్య తగిలి సముద్రంలో పడిపోయాడు. నడుముకు పట్టీ లేదు. పడవలో తోటివారున్నా ఆయన్ను కాపాడలేకపోయారు. అలాంటిది పడవలో ఇంకెవరూ లేనప్పుడు, అందులోనూ టిల్లర్ పైలట్ నడుస్తుంటే, పడవ మనల్ని వదిలి తన దారిన తాను వెళ్లిపోతుంది. ఈదే వేగం దాన్ని అందుకోలేదు.

అందుకే లైఫ్‌జాకెట్ ఎంత అవసరమో, మనల్ని పడవకు కట్టి ఉంచే టెదర్ పట్టీ అంతకన్నా అవసరం. రెండు మీటర్ల టెదర్‌ను పడవ అంచున తగిలిస్తే మనిషి నీళ్లలో వేలాడుతూ ఈడ్చుకుపోతాడు. ఒక మీటరుది, పడవ నడిమధ్యగా పరిచిన జాక్‌లైన్‌కు తగిలిస్తే అంచు దాటడమే కష్టం. ఆ జాక్‌లైన్ చదునైన పట్టీ అయి ఉండాలి. గుండ్రటి తాడైతే కాలి కింద దొర్లి అదే పడేస్తుంది. కాక్‌పిట్ నుంచి లేచే ముందే తగిలించుకోవాలి. వెనక నిచ్చెన నీళ్లలోంచి చేత్తో లాగితే దిగేలా ఉందో లేదో, ఎండ కాసే రోజున రేవు దగ్గరే నీళ్లలోకి దిగి చూసుకోవాలి. పైనుంచి మాత్రమే విప్పగలిగేలా ముడేసిన నిచ్చెనలు చాలా పడవలకు ఉంటాయి.

రేవుకు తిరిగి రావడం

సముద్రం మీద అంతా బాగా చేసుకొచ్చినవారు కూడా రేవులో కంగారుపడతారు. ముందు తాడు కట్టేలోపు వెనక భాగం గాలికి కొట్టుకుపోతుంది. వెనకది కట్టేలోపు ముక్కు తిరుగుతుంది. దీనికీ ఒకే తాడు, ఒకే చోటు అన్న పద్ధతే. పడవ మధ్యలో, మాస్ట్‌కు కాస్త వెనగ్గా పక్క అంచున తాడు కట్టుకునే గట్టి కొక్కెం, అంటే క్లీట్ ఒకటి బిగించాలి. ఆ క్లీట్‌కు ముందే తాడు కట్టి, దాని కొసను కాక్‌పిట్‌లో పెట్టుకుని రావాలి. రేవు పక్కకు రాగానే పడవ వెనక భాగానికి దగ్గర్లో ఉన్న రేవు క్లీట్‌కు తాడు వేసి బిగించి, మోటారును మెల్లగా ముందుకు నడుస్తూ ఉంచి, టిల్లర్‌ను రేవు వైపు తోసి కట్టేయాలి. పడవ ముందుకు పోలేక, పక్కకు తిరగలేక రేవుకు అతుక్కుని నిలబడుతుంది. మోటారు అలాగే నడుస్తుండగా దిగి, ముందు తాడు, వెనక తాడు నింపాదిగా కట్టుకుని, ఆ తర్వాత మోటారు ఆపితే సరిపోతుంది. ఈ క్లీట్ లేని పడవ కొంటే, ఫర్లర్ కన్నా ముందు, టిల్లర్ పైలట్ కన్నా ముందు, కింద గట్టి పలక వేసి మరీ దాన్ని బిగించుకోండి.